లిఫ్ట్ అడుగుతూ దూర ప్రయాణం: ఏది పెట్టుకోవాలి, ఏది వదిలేయాలి

తక్కువ లగేజీ గురించి దొరికే సలహాల్లో ఎక్కువ భాగం ట్రెక్కింగ్ చేసేవాళ్లు రాసినవే. మంచి సలహాలే, కానీ రోడ్డు పక్కన నిలబడి లిఫ్ట్ అడుగుతూ వందల కిలోమీటర్లు వెళ్లేవాళ్లకు సగమే పనికొస్తాయి. ట్రెక్కింగ్‌లో బ్యాగు రోజంతా వీపు మీదే ఉంటుంది కాబట్టి అక్కడ ప్రతి గ్రాముకూ లెక్క ఉంటుంది. లిఫ్ట్ ప్రయాణంలో మోసేది తక్కువ. ఊరి చివరి దాకా నడక, ఒక పెట్రోల్ బంక్ నుంచి ఇంకో కూడలికి నడక, అంతే. మిగతా సమయమంతా బ్యాగు మీ కాళ్ల దగ్గర నేల మీద ఉంటుంది, లేదా ఎవరి కారులోనో ఉంటుంది. ఆ కారులో అప్పటికే పిల్లల సీటో, కూరగాయల సంచులో, పనిముట్ల పెట్టెలో ఉంటాయి.

అందుకే ఏ వస్తువు ఎంచుకునేటప్పుడైనా నేను ముందు సైజు చూస్తాను, బరువు తర్వాత. డిక్కీ నిండిపోయి ఉన్నా, వెనక సీట్లో ఇద్దరు కూర్చుని ఉన్నా, సామానంతా ఒళ్లో పెట్టుకుని తలుపు వేసుకోగలగాలి. కారు ఆగేది చాలాసార్లు ఎక్కువసేపు ఆపకూడని చోటే, కాబట్టి కొన్ని సెకన్లలో ఎక్కేయగలగాలి. బ్యాగు బయట ఏదీ వేలాడకూడదు, నీళ్లు కారకూడదు, లోపలి నుంచి వాసన రాకూడదు. ఇలా చూస్తే ట్రెక్కింగ్ వాళ్లు మెచ్చుకునే వస్తువులు కొన్ని తేలిపోతాయి, వాళ్లు పక్కన పెట్టేవి కొన్ని గెలుస్తాయి.

బరువు విషయానికొస్తే, తిండి, నీళ్లు, ఇంధనం, ఒంటి మీద బట్టలు తీసేసి లెక్కేసినప్పుడు 9 కిలోల లోపుంటే తేలిక బ్యాగు అనీ, 4.5 కిలోల లోపుంటే అతి తేలిక అనీ అంటారు. లిఫ్ట్ ప్రయాణానికి 6, 7 కిలోలు హాయిగా సరిపోతుంది. 4.5 కోసం ఖరీదైన వస్తువుల వెంట పడాల్సిన పని లేదు. 1955లో 67 ఏళ్ల ఎమ్మా గేట్‌వుడ్ అమెరికాలో అపలాచియన్ ట్రయిల్ అనే కొండల నడకదారి మొత్తం, అంటే 3,000 కిలోమీటర్లకు పైగా, ఒంటరిగా నడిచారు. ఆవిడ దగ్గర ఉన్నది తనే కుట్టుకున్న డెనిమ్ సంచి, కప్పుకోవడానికి ఒక దుప్పటి, వానకు ఒక షవర్ కర్టెన్, కాళ్లకు కాన్వాస్ బూట్లు. టెంటు గానీ స్లీపింగ్ బ్యాగు గానీ లేవు. దారిలో చాలా రాత్రులు తెలియనివాళ్లు ఆదరించబట్టే అది సాధ్యమైంది. లిఫ్ట్ ప్రయాణం కూడా అలాంటిదే కాబట్టి ఆవిడ ఉదాహరణ మనకు బాగా దగ్గరిది. అయితే ఆ ఆదరణ ప్రతి రాత్రీ దొరుకుతుందని బ్యాగు సర్దకూడదు.

బ్యాగు: 30 లీటర్లా, 45 లీటర్లా, 60 లీటర్లా?

రాత్రిళ్లు గదుల్లోనో తెలిసినవాళ్ల ఇళ్లలోనో పడుకునేటట్టయితే, వాతావరణం వెచ్చగా ఉంటే 30 లీటర్లు చాలు. ఒళ్లో పట్టేస్తుంది, రద్దీగా ఉన్న కారులో ఎవరికీ అడ్డు రాదు. ఆరుబయట పడుకునే అవకాశం ఉన్నా, చలి ప్రాంతం దాటాల్సి ఉన్నా 40 నుంచి 45 లీటర్లు కావాలి. ఒళ్లో నిలబెడితే గడ్డం దాకా వస్తుంది, అయినా కూర్చోవచ్చు. 60 లీటర్ల బ్యాగు మాత్రం ఖచ్చితంగా డిక్కీలోకే వెళ్తుంది, డిక్కీ ఖాళీ లేకపోతే ఆ లిఫ్ట్ పోయినట్టే. దూరం నుంచి చూసే డ్రైవరు కూడా మనిషితో పాటు బ్యాగునూ అంచనా వేస్తాడు. రెండు పెద్ద బ్యాగులతో ఇద్దరు నిలబడితే చిన్న కారు వాళ్లు ఆపాలనుకున్నా ఆపలేరు. పైగా పెద్ద బ్యాగులో చోటుంటే ఏదో ఒకటి వచ్చి చేరుతూనే ఉంటుంది.

కొనే ముందు దుకాణంలోనే దాన్ని నింపించి, కుర్చీలో కూర్చుని, ఒళ్లో పెట్టుకుని చూడండి. మోకాళ్లు దాటి రెండు పక్కలకూ పొడుచుకొస్తే ఇంకొకటి చూడండి.

పైన మూత తెరుచుకునే బ్యాగా, సూట్‌కేసులా చుట్టూ జిప్పు తీసి పూర్తిగా తెరిచే బ్యాగా అన్నది ఇంకో ప్రశ్న. మొదటిది తేలిక, జిప్పు పాడయ్యే భయం లేదు, వానకూ కొంచెం నయం. కానీ అడుగున ఉన్న స్వెట్టర్ కావాలంటే పైనున్నవన్నీ బయట పెట్టాలి, అది వేరేవాళ్ల కారు సీటు మీద చేసే పని కాదు. అందుకని నా ఓటు పూర్తిగా తెరుచుకునే బ్యాగుకే, జిప్పు లావుగా, గట్టిగా ఉండాలన్న ఒక్క షరతుతో. వీపు వైపు లోహపు ఫ్రేము ఈ బరువుకు అక్కర్లేదు. ఫ్రేము లేని బ్యాగు నొక్కితే సీటు వెనకాల, కాళ్ల కింద కూడా సర్దుకుంటుంది.

చక్రాల సూట్‌కేసు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, కంకర మీదా మట్టి అంచు మీదా అది కదలదు.

రంగు చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, మిలిటరీ డిజైను బ్యాగుగానీ బట్టలుగానీ వద్దు. బార్బడోస్, జమైకా లాంటి దేశాల్లో మామూలు పౌరులు అవి వేసుకోవడమే చట్టవిరుద్ధం. మిగతా చోట్ల కూడా చెక్‌పోస్టుల దగ్గర అనవసరమైన ప్రశ్నలొస్తాయి. ముదురు ఎరుపో నారింజో అయితే దూరం నుంచే కనిపిస్తుంది, చీకట్లో ఎక్కడైనా మర్చిపోయే అవకాశమూ తక్కువ.

పెద్ద బ్యాగు ఏదైనా, దాంతో పాటు ఒంటి మీద ఒక చిన్న సంచి తప్పనిసరి. పాస్‌పోర్టు, డబ్బు, ఫోను, చార్జింగ్ కేబులు, రోజూ వేసుకునే మందులు అందులో ఉండాలి. పెద్ద బ్యాగు డిక్కీలోకి వెళ్లినా ఇది వెళ్లకూడదు. బంకు దగ్గర బాత్రూమ్‌కి దిగినప్పుడు కూడా మీతోనే రావాలి. దీనికి నడుముకు కట్టుకునే పౌచ్ కంటే భుజం మీదుగా ఛాతీకి అడ్డంగా వేసుకునే సంచి నయం. సీటు బెల్టు పెట్టుకున్నాక నడుము పౌచ్ పొట్టకు ఒత్తుకుంటుంది, జిప్పు తీయడం కష్టం. చొక్కా లోపల దాచుకునే పౌచ్ రెండో కార్డుకూ కొంత నగదుకూ పనికొస్తుంది, రోజువారీ వాడకానికి కాదు.

పడక: ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడే

సైజులోనూ బరువులోనూ బ్యాగులో సగం తినేసేవి పడుకునే సామాన్లే. అసలు పెట్టుకోకుండా వెళ్లవచ్చా? రోజుకు తక్కువ దూరం పెట్టుకుని, చీకటి పడక ముందే ఏదో ఒక ఊళ్లో గది చూసుకునే పద్ధతైతే వెళ్లవచ్చు. అప్పుడు కూడా 100 గ్రాముల లోపు దొరికే అత్యవసర రేకు సంచి ఒకటి పెట్టుకోండి. లిఫ్టు దొరకని రాత్రి ఎప్పుడొస్తుందో ముందుగా తెలియదు.

ఆరుబయట పడుకునేవాళ్లకు నాలుగు దారులున్నాయి. ఒకరికి సరిపడే రెండు పొరల టెంటు 1.2 నుంచి 1.6 కిలోలు ఉంటుంది. టార్ప్, అంటే తాళ్లతో కట్టుకునే పలుచని పట్టా, 300 నుంచి 500 గ్రాములు. హ్యామక్, అంటే రెండు చెట్ల మధ్య కట్టుకునే గుడ్డ ఊయల, దాని పట్టీలతో కలిపి అర కిలోకు కాస్త పైన. స్లీపింగ్ బ్యాగు మీద తొడుగులా వేసుకునే బివీ సంచి వీటన్నిటికంటే చిన్నగా మడతపడుతుంది.

ట్రెక్కింగ్ వాళ్లు చేతికర్రలనే గుంజలుగా వాడే తేలిక టెంటును బాగా ఇష్టపడతారు. మనకు అది కుదరదు. చేతికర్రలు మన దగ్గర ఉండవు, ఉన్నా కారులో ఎక్కడ పెట్టాలో తెలియదు. ఇంకో చిక్కు కూడా ఉంది. లిఫ్ట్ ప్రయాణంలో టెంటు వేయాల్సి వచ్చేది చాలాసార్లు బంకుల వెనక, లారీలు ఆగే చోట్ల గట్టిపడిన నేల మీద, కాంక్రీటు మీద, కంకర మీద. అక్కడ మేకు దిగదు. మేకులు కొట్టకపోయినా తన ఊచల మీద తాను నిలబడే టెంటయితేనే పని జరుగుతుంది. అది 300 గ్రాములు ఎక్కువున్నా నేను దాన్నే తీసుకోమంటాను. టార్ప్‌కీ ఇదే ఇబ్బంది, కట్టడానికి చెట్టో స్తంభమో కావాలి. హ్యామక్ అడవి దారుల్లో అద్భుతం, చెట్లు లేని మైదానంలో బరువు దండగ. చలిలో దాని కింది వైపు నుంచి కూడా వేడి పోతుందని గుర్తుంచుకోవాలి.

వాన తక్కువగా పడే కాలమైతే, ఒంటరిగా వెళ్తుంటే బివీ సంచి నాకు బాగా నచ్చుతుంది. రెండు నిమిషాల్లో పరుచుకోవచ్చు, తెల్లారగానే ఎవరి కంటా పడకుండా చుట్టేసుకోవచ్చు. దాని లోపం తేమ. ఊపిరి వల్ల లోపల తడి పట్టి స్లీపింగ్ బ్యాగు పైభాగం చెమ్మగా అవుతుంది. వరసగా చాలా రాత్రులు ఆరుబయటే పడుకోవాలంటే టెంటే తీసుకోండి.

కింద పరుచుకునే చాప విషయంలో ట్రెక్కింగ్ వాళ్ల మాటకూ నా మాటకూ తేడా వస్తుంది. మడతపెట్టే ఫోమ్ చాప 400 గ్రాములు, చిల్లు పడదు, చవక. గాలి నింపే మంచి చాప కూడా దాదాపు అంతే బరువు. చలిని ఆపే శక్తిని ఆర్-వాల్యూ అనే అంకెతో కొలుస్తారు. ఫోముకు అది సుమారు 2, గాలి చాపల్లో మంచివాటికి 4 పైన. ఫోమ్ చాప బ్యాగులో పట్టదు, బయట కట్టాలి. బయట కట్టింది కారు తలుపులో ఇరుక్కుంటుంది, వానకు తడుస్తుంది, డ్రైవరు ముఖానికి తగులుతుంది. గాలి చాప మడిస్తే నీళ్ల సీసా అంత అవుతుంది. అందుకని గాలి చాపే, దాంతో చిల్లులకు అతికే ప్యాచ్‌లు. పిరుదుల కింద వేసుకునే చిన్న ఫోమ్ ముక్క ఒకటి, 50 గ్రాముల లోపుది, బ్యాగులో వీపు వైపు దోపుకోండి. రోడ్డు పక్కన గంటలకొద్దీ కూర్చునేటప్పుడు దాని విలువ తెలుస్తుంది, ఫ్రేము లేని బ్యాగుకు అదే ఆకారమూ ఇస్తుంది.

స్లీపింగ్ బ్యాగు మీద రెండు మూడు ఉష్ణోగ్రతలు రాసి ఉంటాయి. ఐఎస్ఓ 23537 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం వాటిలో ‘కంఫర్ట్’ అన్నదాన్నే చూడండి. ‘లిమిట్’ అంటే ముడుచుకుని ఎలాగో గడిపే స్థాయి, ‘ఎక్స్‌ట్రీమ్’ అంటే ప్రాణం నిలబెట్టే స్థాయి. దుకాణాల్లో పెద్ద అక్షరాలతో కనిపించే అంకె కొన్నిసార్లు లిమిట్‌దే. ఇక పక్షి నూగు నింపినదా, సింథటిక్‌దా అంటే, నూగుది అదే వెచ్చదనానికి దాదాపు సగం చోటే తీసుకుంటుంది, కానీ తడిస్తే ముద్దయిపోతుంది. స్లీపింగ్ బ్యాగు పగలంతా బ్యాగు లోపలే ఉంటుంది కాబట్టి, గట్టి ప్లాస్టిక్ కవర్లో పెట్టగలిగితే నూగుదే ఎంచుకోండి. జాకెట్ విషయంలో మాత్రం నా సలహా దీనికి తలకిందులు.

బట్టలు: నిలబడినవాడి చలి

నడిచేవాళ్లకు ఒళ్లు తానే వేడెక్కుతుంది. లిఫ్ట్ కోసం నిలబడ్డవాళ్లకు ఆ వేడి ఉండదు. పక్కనుంచి లారీ వెళ్లిన ప్రతిసారీ గాలి కొడుతుంది, వెలుగు తగ్గేకొద్దీ వేళ్లు మొద్దుబారతాయి. 12 డిగ్రీల వాతావరణంలో ట్రెక్కింగ్ వాళ్లు ఒక్క చొక్కాతో తిరుగుతారు, అదే వాతావరణంలో గంటన్నర నిలబడితే మీకు జాకెట్, టోపీ, పలుచని చేతి తొడుగులు కావాలి. వేరే చోట్ల గ్రాములు ఎంత తగ్గించినా ఇక్కడ మాత్రం ఒక పొర ఎక్కువే పెట్టుకోండి. ఆ జాకెట్ సింథటిక్‌ది అయితే మేలు, ఎందుకంటే తుంపరలో నిలబడేది అదే, తడిసినా కొంత వెచ్చదనం ఇస్తుంది.

చొక్కాలకు పత్తి, పాలిస్టర్, మెరినో ఉన్ని (మెరినో జాతి గొర్రెల సన్నని ఉన్ని) మధ్య పోటీ. పాలిస్టర్ అన్నిటికంటే త్వరగా ఆరుతుంది, కానీ రెండో రోజుకే వాసన పడుతుంది. తలుపులు మూసి ఏసీ వేసిన కారులో అది చిన్న విషయం కాదు, మనల్ని నమ్మి ఎక్కించుకున్న మనిషి పక్కన గంటలు గంటలు కూర్చోవాలి. మెరినో ఉన్ని తన బరువులో 30 శాతం దాకా తేమ పీల్చుకుని కూడా తడిగా అనిపించదు, వాసన చాలా ఆలస్యంగా వస్తుంది. ఖరీదెక్కువ, కుట్లు త్వరగా పోతాయి. రెండు మెరినో చొక్కాలు నాలుగు మామూలు టీషర్టుల పని చేస్తాయి కాబట్టి చోటు దగ్గర లాభమే. పొడి వేడి ప్రాంతాల్లో పత్తి కూడా బాగానే ఉంటుంది. జీన్స్ మాత్రం వద్దు, తడిస్తే రోజంతా ఆరదు, సంచిలో ఇటుకలా కూర్చుంటుంది.

మొత్తం మీద ఒంటి మీద ఒక జత, బ్యాగులో ఒక జత, పడుకునేటప్పటికి పొడిగా దాచుకున్న ఒక బనియను, ప్యాంటు. లోదుస్తులు, సాక్సులు మూడేసి జతలు. అంతకు మించి వద్దు, సబ్బు ఎక్కడైనా దొరుకుతుంది.

వానకు పోంచో, అంటే తల మీదుగా వేసుకునే వదులైన వాన ముసుగు, మంచిదని చాలామంది చెబుతారు, అది బ్యాగును కూడా కప్పుతుంది కదా అని. రోడ్డు పక్కన నాకు నచ్చదు. లారీ గాలికి ముఖం మీదికి లేస్తుంది, చేతులు, ఆకారం కనిపించకుండా చేస్తుంది. డ్రైవరుకు మన చేతులూ ముఖమూ కనిపించాలి, అప్పుడే ఆపే ధైర్యం వస్తుంది. కాబట్టి మామూలు రెయిన్ జాకెట్, బ్యాగు లోపల ఒక మందపాటి చెత్త సంచి. బయటి రెయిన్ కవర్ కంటే లోపలి సంచే నమ్మకమైనది, కారు సీటు మీద నీళ్లు కూడా కార్చదు. ఎండ దేశాల్లో గొడుగు మంచి తోడు, కారు కనిపించగానే ముడవాలన్నది గుర్తుంటే చాలు.

బూట్ల విషయం త్వరగా తేలిపోతుంది. చీలమండ దాకా వచ్చే బూట్లు కిలో పైన ఉంటాయి, రన్నింగ్ షూలు దాదాపు అందులో సగం. రన్నింగ్ షూలే తీసుకోండి, అవి త్వరగా విప్పుకోవచ్చు కూడా. చాలామంది లారీ డ్రైవర్లు క్యాబిన్‌ను ఇల్లులా చూసుకుంటారు, బూట్లు విప్పి ఎక్కమంటారు. అందుకే శుభ్రమైన సాక్సులు చేతికందేలా పెట్టుకోవాలి.

స్టవ్వు, నీళ్లు, కరెంటు

చిన్న గ్యాసు స్టవ్వు, సిలిండరు, గిన్నె కలిపితే అర కిలో దాకా వస్తుంది, బ్యాగులో మూడు లీటర్ల చోటు పోతుంది. సిలిండర్ను విమానంలో ఏ రకంగానూ తీసుకెళ్లనివ్వరు. పెద్ద రోడ్ల మీద తిరిగేవాళ్లకు వేడి నీళ్లు బంకుల దగ్గర దొరుకుతాయి. వదిలేయండి. మూత గట్టిగా పడే డబ్బా ఒకటి, పొడుగు చెంచా ఒకటి చాలు. జనావాసాలు లేని ప్రాంతాల గుండా రోజుల తరబడి వెళ్లే ప్రయాణమైతేనే స్టవ్వు గురించి ఆలోచించాలి.

నీళ్లకు స్టీలు సీసా వద్దు, బరువు. గొట్టంతో తాగే నీళ్ల సంచి కూడా వద్దు, అది కారేది ఎప్పుడూ వేరేవాళ్ల సీటు మీదే. మామూలు లీటరు ప్లాస్టిక్ సీసాలు రెండు, ఒకటి నిండుగా, ఒకటి ఖాళీగా. ఎండలో ఎక్కువసేపు నిలబడే రోజు రెండూ నింపాలి, లీటరుకు కిలో బరువని లెక్క ఎలాగూ తెలిసిందే.

పవర్ బ్యాంకు 10,000 ఎంఏహెచ్‌దా, 20,000దా? మొదటిది 200 గ్రాములకు అటూ ఇటూ, రెండోది దాదాపు రెట్టింపు. పెట్టె మీది అంకెంతా ఫోనుకు చేరదు, మూడింట రెండు వంతులు చేరితే గొప్ప. అంటే 10,000ది 5,000 ఎంఏహెచ్ ఫోనును ఒకసారి నింపి కొంచెం మిగులుతుంది. నేను 10,000దే తీసుకోమంటాను, దాంతో పాటు వాహనంలో సిగరెట్ లైటర్ సాకెట్‌కు పెట్టే చిన్న అడాప్టర్. డ్రైవరును అడిగితే చాలామంది చార్జింగ్ పెట్టుకోనిస్తారు. కార్లలో కరెంటు 12 వోల్టులైతే చాలా దేశాల్లో పెద్ద లారీల్లో 24 వోల్టులు. అడాప్టర్ మీద ‘12–24’ అని ఉందో లేదో చూసి కొనండి, 12కే తయారైనది అలాంటి లారీలో పెడితే కాలిపోవచ్చు. మడత సోలార్ ప్యానల్ అక్కర్లేదు, మీరు రోజులో సగం వాహనం లోపలే ఉంటారు.

ఫోనులో ముందే దించుకున్న ఆఫ్‌లైన్ మ్యాపులు ఉండాలి, కాగితం మ్యాపు కూడా ఒకటి ఉండాలి. భాష రాని డ్రైవరుతో మాట్లాడేటప్పుడు కాగితం మీద వేలు పెట్టి చూపించడమంత సులువైనది లేదు. మొత్తం పుస్తకం మోయకండి, మీ దారి ఉన్న షీటు చాలు.

బోర్డు: అట్టముక్కా, ప్లాస్టిక్ ఫోల్డరా?

80 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకు 22 మీటర్లు దాటుతుంది. వెళ్లాల్సిన ఊరి పేరు రాసి మీరు పట్టుకునే బోర్డు 60 మీటర్ల నుంచి కనిపించినా, చదివి నిర్ణయించుకోవడానికి డ్రైవరుకు దొరికేది మూడు సెకన్లు కూడా కాదు. అందుకే ఒక్క ఊరి పేరే రాయాలి, అక్షరం అరచేయంత ఎత్తుండాలి. ఏ4 కాగితం చిన్నది, కనీసం ఏ3 కావాలి.

అట్టముక్క దుకాణాల వెనక ఉచితంగా దొరుకుతుంది, కూర్చోవడానికీ పనికొస్తుంది, వానకు మాత్రం నానిపోతుంది. ప్లాస్టిక్ ఫోల్డర్ మీద రాసి తుడిచి మళ్లీ రాయవచ్చు, కానీ ఎండలో మెరిసి అక్షరాలు కనపడకుండా చేస్తుంది. అట్ట మోసుకెళ్లకండి, లావు మొన మార్కర్లు రెండు మోసుకెళ్లండి. అట్ట దారిలో దొరుకుతుంది, మంచి మార్కర్ దొరక్కపోవచ్చు. వానకాలమైతేనే ఫోల్డర్ అదనం. చీకటి పడ్డాక రోడ్డు అంచున నడవాల్సొస్తే మెరిసే జాకెట్ కావాలి, 150 గ్రాముల లోపే ఉంటుంది, దీన్ని వదలొద్దు. తలకు కట్టుకునే లైటూ అంతే.

భద్రత కోసం పెప్పర్ స్ప్రే పెట్టుకోవాలా అని ముఖ్యంగా ఒంటరిగా వెళ్లే అమ్మాయిలు అడుగుతారు, ఆ టెన్షన్ నాకు అర్థమవుతుంది. సరిహద్దులు దాటే ప్రయాణమైతే వద్దంటాను. బ్రిటన్ లాంటి చోట్ల అది నిషేధిత ఆయుధం కింద లెక్క, దొరికితే కేసు మీ మీదే. విజిలు, చార్జింగ్ ఉన్న ఫోను, ఎక్కే ముందు నంబర్ ప్లేటు ఫొటో తీసి ఇంటికి పంపే అలవాటు, వీటికి చోటు దాదాపు అక్కర్లేదు.

ఇంకో మాట. బ్యాగును నూటికి నూరు నింపకండి, మూడు నాలుగు లీటర్లు ఖాళీ ఉంచండి. డ్రైవర్లు పండ్లు, బిస్కెట్లు, నీళ్ల సీసాలు ఇస్తూనే ఉంటారు, చోటు లేదని కాదనడం బాగోదు.

ఇద్దరు వెళ్తుంటే టెంటు, పవర్ బ్యాంకు, మందుల డబ్బా పంచుకోవచ్చు, తలా ఒక కిలో దాకా తగ్గుతుంది. ఒకరు టెంటు గుడ్డ, ఇంకొకరు ఊచలు మోయడం మామూలు పద్ధతి. అయితే చాలా లారీల్లో డ్రైవరు పక్కన ఒక్కరికే సీటుంటుంది, అప్పుడు వేర్వేరు బండ్లలో వెళ్లి తర్వాతి ఊళ్లో కలుసుకోవాల్సి రావచ్చు. కాబట్టి టెంటు మొత్తం ఒకరి దగ్గరే ఉంచి, రెండో వాళ్లకు రేకు సంచి ఇవ్వండి. కాగితాలు, డబ్బు, ఫోను, చార్జింగ్ కేబులు, వెచ్చటి జాకెట్ మాత్రం ఎవరివి వాళ్ల దగ్గరే ఉండాలి.